వైకుంఠ రథానికి పొడిస్నానం

గుండ్లవంక పట్టణంలో కుళాయిలు ఆరు రోజులకొకసారి పలుకుతాయి. పలికిన రోజు కూడా గంటకు మించి మాట్లాడవు. మునిసిపాలిటీ వాళ్లు బండ్లు కడగడమే దీనికి కారణమని ఆ ఊళ్లో ఎవరూ ఏనాడూ అనుకోలేదు. వంక ఎండిపోయిందనీ, పైపు పదకొండు చోట్ల పగిలిందనీ మాత్రమే అనుకునేవారు. పామర జనం. అసలు కారణం కనిపెట్టడానికి కమిషనర్ పరాంకుశం గారు రాజధానిలో మూడు రోజుల శిక్షణకు వెళ్లి రావలసి వచ్చింది.

శిక్షణ నుంచి ఆయన ఒక సీసా, ఒక పథకం తెచ్చారు. సీసాలో ఉన్నది నీళ్లు లేకుండా బండ్లు శుభ్రం చేసే మందు. బండి మీద చిమ్మి, మెత్తటి గుడ్డతో ఒకే వైపుకు తుడిస్తే దుమ్ము గుడ్డకూ, మెరుపు బండికీ అంటుకుంటాయట. పథకం పేరు ‘నిర్జల నిర్మలం’. మరునాడే ఉత్తర్వు వెలువడింది.

“ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, పురపాలక సంఘ వాహనములపై నేటి నుండి ఏ రూపమునను, ఏ కారణము చేతను నీరు పడరాదు.”

ఉత్తర్వుకు మొదట దొరికినవాడు నీళ్ల ట్యాంకర్ డ్రైవర్. గతుకుల రోడ్డు మీద మూతలోంచి నీళ్లు చింది ట్యాంకర్ మీదే పడ్డాయి. సంజాయిషీ అడిగారు. అప్పటినుంచి అతను ట్యాంకర్‌ను సగమే నింపుకొని పోతున్నాడు. నింపని సగాన్ని పథకం వల్ల ఆదా అయిన నీటిగా కమిషనర్ గారు నివేదికలో చూపించారు.

ఇక తుడిచిన గుడ్డల సంగతి. ఒక్కో బండికి ఎనిమిది గుడ్డలు. ఎర్రమట్టి పట్టిన గుడ్డతో మళ్లీ తుడిస్తే గీతలు పడతాయి కాబట్టి ప్రతి గుడ్డనూ మూడేసిసార్లు జాడించాలి. ఆ పని షెడ్డు వెనక తొట్టి దగ్గర జరిగేది. తొట్టి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఖాళీ అయ్యేది.

“ఇన్ని నీళ్లు పోతాండాయి గదా కుళ్లాయప్పా?” అని అడిగాడు వైకుంఠ రథం డ్రైవర్ ఓబులేసు.

షెడ్డు ఇన్‌ఛార్జి కుళ్లాయప్ప ఉత్తర్వు తీసి మళ్లీ చదివాడు. “వాహనముల పైన అనుండాది. గుడ్డ వాహనమా? కాదు. దానికి చక్రాలుండాయా? లేవు. ఇంగేంది నీ బాధ?”

ఓబులేసు బాధ గుడ్డల గురించి కాదు. పద్నాలుగేళ్లుగా అతను ఆ తెల్లబండి తోలుతున్నాడు. శ్మశానం నుంచి తిరిగి వచ్చాక బొరుగులు, బంతిపూల రెక్కలు ఊడ్చి, రేకు మీద అంటుకున్న పసుపూ కుంకుమా పోయేదాకా ఐదు బిందెల నీళ్లు పోసి కడిగితే తప్ప ఇంకో ఇంటికి బండి తీసుకుపోయేవాడు కాడు. ఊళ్లో కూడా శవాన్ని ఎత్తే ముందు, ఇంటి పెద్ద బయటికొచ్చి ఒకే మాట అడుగుతాడు. “ఓబులేసూ, బండి కడిగినావా?” అతను “కడిగినా” అంటాడు. అప్పుడు ఎత్తుతారు. అంతకు మించి ఎవరూ ఏమీ అడగరు. ఏడ్చేవాళ్ల దగ్గర అంతకు మించి మాట్లాడడానికి ఏమీ ఉండదని అతనికి తెలుసు. రెండేళ్ల కిందట భార్య పోయినప్పుడు, ఆ రోజుకు వేరే డ్రైవర్‌ను పంపిస్తామన్నారు. వద్దన్నాడు. తనే కడిగాడు, తనే తోలాడు, తిరిగి వచ్చి మళ్లీ తనే కడిగాడు. ఆ పూట మాత్రం కడగడానికి కొంచెం ఎక్కువసేపు పట్టింది.

ఒక ఇంటి దుఃఖం మీద ఇంకో ఇంటివాళ్లను కూర్చోబెట్టకూడదు. అతనికి తెలిసిన ఉద్యోగ ధర్మం అంతే.

ఆ మాటే అర్జీగా రాయించుకొని కమిషనర్ గారి ముందు నిలబడ్డాడు. ఆయన అర్జీ రెండుసార్లు చదివారు.

“నీ భావన గౌరవనీయమైనదే. కానీ పథకంలో మినహాయింపు అన్న మాటకు చోటు లేదు. పైగా ఈ ద్రవంలో నిమ్మ పరిమళం ఉంది. మృతుల బంధువులకు ఆహ్లాదంగా ఉంటుంది.”

“ఆహ్లాదమా సార్?”

“కనీసం ఉపశమనం.”

ఓబులేసు ఉపశమనం సీసా పట్టుకొని వచ్చేశాడు. మూడు వారాలు తుడిచాడు. ఎర్రమట్టి గరుకుకు బండి పక్కన రంగుతో వేసిన శంఖచక్రాల్లో శంఖం మెల్లగా అరిగి కనిపించకుండా పోయింది. చక్రం మాత్రం మిగిలింది. లోపలి రేకు అద్దంలా తయారైంది. ఆ నున్నటి రేకు మీద పాడె నిలవలేదు. బస్టాండు దిగువలో బండి వంగగానే పాడె జారి ముందుకొచ్చి డ్రైవర్ సీటు వెనక రేకుకు కొట్టుకుంది. చనిపోయినాయన కొడుకులు ఇద్దరూ తండ్రి కాళ్లు పట్టుకొని శ్మశానం దాకా వెళ్లారు. బతికి ఉండగా వాళ్లు ఆయన కాళ్లు అంత గట్టిగా ఎప్పుడూ పట్టుకోలేదని వెనక నడిచేవాళ్లు అనుకున్నారు.

ఈ సంఘటన కమిషనర్ గారి దాకా పోయింది. ఫైలు మీద ఆయన ఇలా రాశారు: “ఉపరితల మెరుపు ఆశించిన స్థాయిని మించినది. హర్షణీయం.”

ఆ తర్వాత జనం ఓబులేసును పిలవడం తగ్గించారు. “బండి కడిగినావా?” అంటే అతను అబద్ధం చెప్పేవాడు కాడు. “తుడిచినా” అనేవాడు. పెద్దవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకొని, “భుజాల మీదనే పోదాంలేప్పా” అనేవాళ్లు. ఎండాకాలం, రెండు మైళ్లు. ఓబులేసు ఖాళీ బండి తోలుకొని వాళ్ల వెనకాలే నెమ్మదిగా వెళ్లి, శ్మశానం దాకా సాగనంపి వచ్చేవాడు.

ఇంతలో రాష్ట్రస్థాయిలో ‘నిర్మల వాహన పురస్కారం’ ప్రకటించారు. కమిషనర్ గారు దరఖాస్తు నింపుతూ పద్నాలుగో ప్రశ్న దగ్గర ఆగిపోయారు. “ప్రజలను చేరవేయు వాహనములలో ప్రయాణికుల సంతృప్తి శాతము. ప్రతి ప్రయాణికుని సంతకము జతపరచవలెను.”

మునిసిపాలిటీకి ఉన్నవి చెత్త ట్రాక్టర్లు, ట్యాంకర్లు, ఒక జీపు. ప్రజలను చేరవేసే వాహనం ఒక్కటే ఉంది.

కమిషనర్ గారు ఓబులేసునూ, కుళ్లాయప్పనూ పిలిపించి అభిప్రాయ పత్రాలు చేతికిచ్చారు. ఓబులేసు చదివాడు. “వాహనము లోపలి శుభ్రత మీకు సంతృప్తి కలిగించినదా? ప్రయాణము సుఖముగా సాగినదా? ఈ వాహనములో మరల ప్రయాణించుటకు ఇష్టపడుదురా? మీ బంధుమిత్రులకు సిఫారసు చేయుదురా?” కింద గీత. గీత కింద “ప్రయాణికుని సంతకము”.

“సార్,” అన్నాడు ఓబులేసు, “నా బండెక్కేటోళ్లు సంతకం ఎట్ల జేస్తారు సార్?”

“వేలిముద్ర అయినా చెల్లుతుంది.”

“సచ్చిపోయినోళ్లు గద సార్.”

కమిషనర్ గారు కళ్లజోడు తీసి తుడిచారు. పొడిగుడ్డతోనే. “సమస్యను సమస్యగా చూస్తే సమస్యగానే ఉంటుంది. ప్రయాణం తర్వాత సంతకం సాధ్యం కాదంటున్నావు. అంతేగా? ప్రయాణానికి ముందు తీసుకోవాలి.”

“ముందంటే సార్?”

“ముందస్తు అభిప్రాయ సేకరణ. పింఛను జాబితాలో ఎనభై ఏళ్లు దాటినవాళ్ల పేర్లు తీయండి. వాళ్లు మనకు కాబోయే ప్రయాణికులు. వాహనాన్ని వాళ్ల గడప దగ్గరికి తీసుకెళ్లండి. చూపించండి. కూర్చోబెట్టండి. సంతకం తీసుకోండి.”

కుళ్లాయప్ప తల ఊపుతూ అంతా రాసుకున్నాడు. “పండుకోబెట్టాల్నా సార్?” అని మాత్రం అడిగాడు.

“ఇష్టమైతే,” అన్నారు కమిషనర్ గారు.

జాబితాలో అరవై మంది తేలారు. మరుసటి రోజు పొద్దున ఎనిమిదింటికే వైకుంఠ రథం మొదటి ఇంటి ముందు ఆగింది. ఇంట్లోంచి ఒకేసారి నలుగురు ఆడవాళ్లు గొల్లుమన్నారు. అరుగు మీద బీడీ కాలుస్తున్న ముసలాయన, “ఎవరు పోయినారు?” అని తనూ కంగారుగా లేచాడు. ఎవరూ పోలేదనీ, ఆయన అభిప్రాయం కోసం వచ్చామనీ కుళ్లాయప్ప చెప్పేసరికి పది నిమిషాలు పట్టింది.

“మా బామ్మర్దికి సిఫారస్ చేస్తా, రాసుకో,” అన్నాడు ముసలాయన, ఊపిరి తీసుకొని. “వానికే ముందు చూపిచ్చు. మళ్లీ ప్రయాణం జేస్తావా అంటే మాత్రం సెప్పలేను. ఒగసారి పోయి చూసి సెప్తా.”

మూడు రోజుల్లో ఊరికి అలవాటైపోయింది. కొందరు సంతకం పెట్టారు, కొందరు వేలిముద్ర వేశారు. ఒకావిడ పింఛను ఆపేస్తారేమోనని రెండు వేళ్ల ముద్రలు వేసింది. యాభై తొమ్మిది పత్రాలు వచ్చాయి. అందరూ సంతృప్తులే. మిగిలింది కుమ్మరి వీధిలో నీళ్ల గంగులమ్మ.

ఆమెకు ఎనభై నాలుగేళ్లు. నలభై ఏళ్లపాటు ఊరవతల బావి నుంచి నెత్తిన ఒక బిందె, సంకన ఒక బిందె పెట్టుకొని హోటళ్లకు నీళ్లు మోసింది. మెడ ఒక పక్కకు ఒరిగిపోయి ఉంటుంది. కూతురు సుంకమ్మతో ఉంటోంది. బండి చప్పుడు విని, కట్టె ఊతగా బయటికొచ్చి, ఒరిగిన మెడతోనే బండి చుట్టూ తిరిగి చూసింది. తలుపులో తల పెట్టి వాసన చూసింది.

“ఏందిది, నిమ్మకాయ బిళ్లల వాసన?”

“మందు అవ్వా,” అన్నాడు ఓబులేసు. “నీళ్లు పోయకుండా తుడిచేది.”

“కడగల్యా?”

ఓబులేసు నేల చూశాడు. “తుడిచినా అవ్వా.”

“నిన్ను అడిగింది కడిగినావా అని.”

కుళ్లాయప్ప ముందుకొచ్చాడు. “అవ్వా, నీళ్లు మిగలబెట్టల్ల గదా. మన ఊరికి నీళ్లు లేవు. అందుకే గవర్నమెంటోళ్లు...”

గంగులమ్మ కట్టెతో అతని కాలి దగ్గర నేల మీద కొట్టింది. “నీళ్లు మిగలబెట్టేది నాకు నేర్పుతావా రా? ఒగ చెంబుతో తానం జేసి, ఆ నీళ్లు బొప్పాయి చెట్టుకు పారిచ్చేదాన్ని. కరువులో మీ నాయనకు దూపకు నీళ్లు పోసింది నేను. నా బతుకంతా మోసి ఊరి గొంతుల్లో పోస్తి. పోయే రోజు బండి మీద ఒగ బిందె పోయండని అడిగితే తప్పా? ఒగటే అంటాండా. రెండు గాదు.”

“సంతకం పెట్టవ్వా, తరువాత చూస్తాం.”

“తరువాత నేను చూస్తానా? పో. కడిగి తెచ్చినప్పుడు వేలు ముద్ర ఏంది, చెయ్యి మొత్తం వేస్తా.”

తర్వాత ఓబులేసును దగ్గరికి పిలిచింది. గొంతు తగ్గించింది. “నాయనా, నీ పెండ్లాం పోయినప్పుడు చూసినాలే. వంకర మెడదాన్ని గదా, వాకిట్లో కూచుంటే షెడ్డు దిక్కే కనపడతాది. ఎంతసేపు కడిగినావో చూసినా. నాకు అంతసేపు వద్దులే. ఒగ బిందె అయ్యేంతసేపు చాలు.”

ఓబులేసు సరేనని తల ఊపలేదు. ఊపితే మాట ఇచ్చినట్టవుతుంది.

యాభై తొమ్మిది బై అరవై. తొంభై ఎనిమిది పాయింట్ మూడు శాతం. పురస్కారానికి నూరు కావాలి. కమిషనర్ గారు ఆమె పేరు జాబితా నుంచి తీసేద్దామనుకున్నారు. బతికున్న మనిషిని జాబితా నుంచి తీయడానికి మరణ ధ్రువపత్రం కావాలని గుమాస్తా గుర్తు చేశాడు. ఆమె సంతకం చేయకుండా పోతే ఏమవుతుందని ఆయన అడిగారు. అసంతృప్త ప్రయాణికురాలిగా శాశ్వతంగా నమోదవుతుందని జవాబు.

దాంతో గంగులమ్మ ఆయుష్షు మునిసిపాలిటీ బాధ్యత అయింది. ఎనభై నాలుగేళ్లలో ఆమె గడప తొక్కని డాక్టరు రోజుకు రెండు పూటలా వచ్చి నాడి చూశాడు. పాలు వచ్చాయి, పండ్లు వచ్చాయి, దోమల మందు కొట్టారు. వీధి దీపం వెలిగింది. కమిషనర్ గారు స్వయంగా వచ్చి, “మీరు నిండు నూరేళ్లు ఉండాలి. కనీసం ఈ నెలాఖరు వరకు,” అన్నారు.

“ఒగ బిందె నీళ్లు పోస్తే పోయేదానికి ఇంత కర్సా?” అంది గంగులమ్మ సుంకమ్మతో, ద్రాక్షపండ్లు చప్పరిస్తూ. “నాకు యిట్లనే బాగుంది. ఇంగొగ వారం సంతకం పెట్టను పో.”

ఆ వారం పూర్తి కాలేదు. పురస్కార కమిటీ షెడ్డుకు రావలసిన రోజు తెల్లవారాక గంగులమ్మ కాఫీ తాగి, గ్లాసు సుంకమ్మ చేతికిచ్చి, గోడకు ఆనుకొని అలాగే పోయింది. డాక్టరు ఎనిమిదింటికి వచ్చి నాడి చూసి, కమిషనర్ గారు ఇచ్చి ఉంచిన అభిప్రాయ పత్రం జేబులోంచి తీసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఆ పాటి మంచితనం ఆయనలో ఉంది.

కమిషనర్ గారు షెడ్డులో తోరణాలు కట్టిస్తుండగా కబురు చేరింది. ఆయన ముఖంలో నిజమైన దుఃఖం కనిపించింది. ఒకటి పాయింట్ ఏడు శాతం దుఃఖం.

“మన వాహనం కమిటీకి చూపించాలి. దుమ్ము పడకూడదు. చెత్త ట్రాక్టరు పంపండి,” అన్నారు.

ఓబులేసు బండి పక్కన నిలబడి ఉన్నాడు. బండి మీద టార్పాలిన్ కప్పి ఉంది. మెరుపు చెడకుండా వారం రోజులుగా దాన్ని కదలనివ్వలేదు.

“ట్రాక్టరా సార్?”

“పూలు కట్టించు,” అని కమిటీని వెంటబెట్టుకొని రావడానికి కమిషనర్ గారు వెళ్లిపోయారు.

అంతలో షెడ్డు గేటు దగ్గర సుంకమ్మ కనిపించింది. జుట్టు విరబోసుకొని ఉంది. సంకన బిందె ఉంది. నిండు బిందె. కుళాయి వచ్చి ఐదు రోజులైంది. ఇంట్లో మిగిలిన తాగేనీళ్లు అవే అయి ఉండాలి.

“అన్నా,” అంది. “మునిసిపాలిటీ నీళ్లు కాదులే. మా ఇంటివే. అమ్మ మాట.”

బిందె కింద పెట్టి తిరిగి వెళ్లిపోయింది. ఇంట్లో శవం ఉంది.

ఓబులేసు టార్పాలిన్ లాగి కింద పడేశాడు. చొక్కా తీసి గేటుకు తగిలించాడు. చెంబు తీసుకున్నాడు.

ఐదు బిందెల పని ఒక్క బిందెతో చేయాలి. పైకెక్కి పైకప్పు మీద అర చెంబు పోసి, చేత్తో పరిచాడు. జారే నీటిని పక్కలకు మళ్లించి, అదే నీటితో పక్కలు రుద్దాడు. పక్కల నుంచి కారినదాన్ని ఇనుప తట్టలో పట్టి చక్రాలకు పోశాడు. లోపలి రేకు మీద నాలుగు చెంబులు పోసి, బూడిదతో రుద్దితే నిమ్మ జిడ్డు వదిలింది. రేకు మళ్లీ గరుకుగా చేతికి తగిలింది. చివరి రెండు చెంబులు, పాడె పెట్టే చోట, శుభ్రంగా ఉన్న దాని మీదే మళ్లీ పోశాడు. అవసరం లేదు. అయినా పోశాడు.

తల ఎత్తేసరికి గేటు దగ్గర రెండు కార్లు ఆగి ఉన్నాయి. కమిటీ అధ్యక్షుడు, ఇద్దరు సభ్యులు, వాళ్ల వెనక కొయ్యబారిపోయిన కమిషనర్ గారు.

“ఇది ఏమిటి?” అన్నారు అధ్యక్షుల వారు.

కుళ్లాయప్ప గొంతు సవరించుకున్నాడు. ఇరవై రెండేళ్ల సర్వీసు అతన్ని ముందుకు తోసింది. “పాత పద్ధతి సార్. తేడా చూపిచ్చేదానికి.”

“అవును,” అన్నారు కమిషనర్ గారు, ప్రాణం లేచొచ్చి. “తులనాత్మక ప్రదర్శన.”

అధ్యక్షుల వారు తడిరేకును వేలితో తాకారు. వాసన చూశారు. “జిడ్డు లేదు. మరక లేదు. ఎలాంటి వాసనా లేదు. ఎంత ద్రవం పట్టింది?”

“ఒగ బిందె సార్,” అన్నాడు కుళ్లాయప్ప.

“పొడి పద్ధతిలో?”

కుళ్లాయప్ప వెనక తొట్టి వైపు చూశాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో మొదటిసారి నిజం నోటికొచ్చింది. “బండికి పద్నాలుగు బిందెలు సార్. గుడ్డలకు.”

కమిటీవాళ్లు ముగ్గురూ రాసుకున్నారు. “పద్నాలుగింట పదమూడు వంతులు ఆదా!” అన్నారు అధ్యక్షుల వారు. “ఇంత సరళమైన ఆలోచన ఎవరికీ తట్టలేదంటే ఆశ్చర్యంగా ఉంది. దీనికి పేరు పెట్టారా?”

కమిషనర్ గారు ఒక్క క్షణమే ఆలోచించారు. “జలస్పర్శ,” అన్నారు వినయంగా.

వాళ్లు మాట్లాడుకుంటూ ఉండగానే ఓబులేసు చొక్కా వేసుకొని బండి తీశాడు. ఎవరూ ఆపలేదు. కుమ్మరి వీధిలో జనం నిలబడి ఉన్నారు. గంగులమ్మ తమ్ముడు, తనూ ముసలివాడే, బండి దగ్గరికొచ్చాడు.

“ఓబులేసూ, బండి కడిగినావా?”

“కడిగినా.”

ఎత్తారు. బస్టాండు దిగువలో బండి వంగింది. పాడె కదలలేదు.

ఆ నెలాఖరుకు గుండ్లవంకకు పురస్కారం వచ్చింది. ఆదా లెక్క ముందు సంతృప్తి శాతం సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ‘నీటితో వాహన శుభ్రత: ఒక నూతన ప్రయోగం’ అన్న అంశం మీద పరాంకుశం గారు రాజధానిలో మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. తిరిగి వచ్చాక ఫైళ్లు చూస్తూ ఒక లోపం గమనించారు. జలస్పర్శకు ప్రభుత్వ అనుమతి వచ్చింది ఇరవై ఆరో తేదీన. వైకుంఠ రథాన్ని నీళ్లతో కడిగింది పందొమ్మిదో తేదీన. వారం రోజుల ముందు.

ఓబులేసుకు మెమో అందింది. “నిర్జల నిర్మలం పథకము అమలులో ఉండగా, అనుమతి లేకుండా, పురపాలక సంఘ వాహనముపై నీరు పోసినారు. ఎవరి ఆదేశము మేరకు ఈ చర్యకు పాల్పడినారో మూడు దినములలో లిఖితపూర్వకముగా తెలుపవలెను.”

కుళ్లాయప్ప సలహా ఇచ్చాడు. “కమిషనర్ సార్ చెప్పినాడని రాయప్పా. ఆయప్పకూ అదే కావాల. ఫైలు మూసేస్తారు.”

ఓబులేసు మూడు రోజులు ఆలోచించలేదు. షెడ్డు మెట్టు మీద కూర్చొని, కాగితం మోకాలి మీద పెట్టుకొని, ఒక్కో అక్షరం దిద్దినట్టు రాశాడు.

“ప్రయాణికురాలు అడిగింది. కడిగినాను.”